నిటారు మనిషి ఊపిరి

భావనపాడు,
24-4-2025.

ఒరే ధనరాజూ,

నేను అసిరయ్యను. బతికే ఉన్నాను. మీ చెల్లి కూడా బాగానే ఉంది, ఇప్పుడే నన్ను తిట్టి లోపలికి వెళ్ళింది. మీ ఇంట్లో కూడా అందరూ ఇలాగే ఉన్నారనుకుంటాను.

ఫోనుండగా ఉత్తరమేమిటని నువ్వడుగుతావు. ఫోన్లో నా మాట మధ్యలో తెగిపోతోంది. సిగ్నల్ మంచిది కాదు. మీ చెల్లి మాట్లాడితే మాత్రం తెగదు, పొయ్యి మీద అన్నం మాడేదాకా మాట్లాడుతుంది. ఆ కంపెనీవాడికి ఆడవాళ్ళంటే అభిమానం కాబోలు. రాత్రిబడిలో నేర్చుకున్న నాలుగక్షరాలూ తుప్పు పట్టకుండా ఉంటాయని రాస్తున్నాను. తప్పులుంటే నువ్వే దిద్దుకో. పదో తరగతి చదివి గరివిడిలో ఫ్యాక్టరీ గేటు దగ్గర కుర్చీ వేసుకుని కాపలా కాసినవాడివి, ఆ మాత్రం చేయగలవు.

వేట నిషేధం పడింది. పడవలన్నీ ఇసకలో ఉన్నాయి. ఊరంతా వలలు కుట్టుకుంటోంది. నేనూ కుడుతున్నాను. ఇసకలో చతికిలబడి, వలని కాలి బొటనవేలికి తగిలించి, తల వంచితే మళ్ళీ ఎత్తేది అన్నానికే. ఈ వయసులో నా కుట్టు చూసి మిషను కుట్టు అనుకుంటారు.

అసలు సంగతి వేరు. జూన్లో నిషేధం అయిపోయాక మొదటి పెద్దవలకి కేక ఎవరు పెట్టాలన్న గొడవ ఇప్పుడే మొదలైంది. నువ్వు సముద్రం చూస్తేనే కక్కుకునేవాడివి, ఇవన్నీ మరిచిపోయి ఉంటావు. పడవ వలని గుండ్రంగా వదిలి ఒడ్డుకి వచ్చేస్తుంది. ఆ వలకి రెండు తాళ్ళు, ఆ తాళ్ళకి రెండు వరసల మనుషులు. రెండు వరసలూ ఒక్కసారే లాగాలి. ఒక వరస ముందు లాగిందంటే వల ఓరగా వస్తుంది, చేప పక్కనుంచి నడిచి వెళ్ళిపోతుంది. అందరిచేతా ఒక్కసారి లాగించేది కేక. మా నాన్న పెట్టాడు, ఆయన తరవాత నేను పెడుతున్నాను. నేను కేక పెడితే వరస చివర ఉన్నవాడు కూడా ఉలిక్కిపడతాడు.

ఇప్పుడు లక్ష్ముడు బయల్దేరాడు. నన్ను మావా అని పిలిచే లక్ష్ముడే. మోటారు పడవ కొన్నాక నోరు కూడా కొనుక్కున్నాడు. "మావా, ఇంకా నీకెందుకు కష్టం, వినాయకసవితికి కొన్న స్పీకరు ఉన్నాది, కేక రికార్డు సేసి ఎట్టేస్తాను" అన్నాడు, పదిమందిలో. పెద్దలు నవ్వారు. నవ్వారు గాని కాదనలేదు. అది నాకు నచ్చలేదు.

ఇంకొక మాట. ఇది నా గురించి కాదు. ఇక్కడొక మనిషి ఉన్నాడు. ఈ ఏడు మొదటి వలకి కేక పెట్టాలని అతనికి ప్రాణం. ఊపిరి మాత్రం అందడం లేదు. ఇసకలో నాలుగడుగులు వేస్తే ఆగిపోయి, పడవేదో వస్తున్నట్టు సముద్రం వైపు చూస్తూ నిలబడతాడు. నిషేధంలో పడవేమిటని ఎవరూ అడగరు, అదొక్కటే అదృష్టం. పేరు చెప్పను, పరువైన మనిషి. మీ అమ్మాయి శ్రావణిది విజయనగరం ఆసుపత్రిలో నడుములూ కీళ్ళూ సరిచేసే ఉద్యోగం కదా, ఫిజియోథెరపీ అని మీ చెల్లి ఊరంతా చెప్పి వచ్చింది. అలాంటి మనిషికి ఏం చేస్తే ఊపిరి వస్తుందో కనుక్కుని రాయి. ఎవరికి అని అడగకు.

మీ బావ,
అసిరయ్య.


గరివిడి,
30-4-2025.

బావకి,

నీ ఉత్తరం అందింది. పోస్టుమాను నా చేతికిచ్చి "ఎవరైనా పోయారా సారూ" అని అడిగాడు. ఈ రోజుల్లో చేత్తో ఉత్తరం రాసేది అందుకేనట.

సిగ్నల్ సంగతి నమ్మాను. మీ ఊళ్ళో కొత్త టవరు వేశారని చెల్లి చెప్పింది గాని, నీ మాటే నమ్మాను.

నేను కులాసాగానే ఉన్నాను. రిటైరయ్యాక రోజూ పొద్దున్న స్కూలు గ్రౌండుకి వెళ్తున్నాను. అక్కడ ఒక మాస్టారు మాచేత ఆసనాలు వేయిస్తున్నాడు. ఈ వయసులో నా నడుం చూస్తే నీకు కుళ్ళు పుడుతుంది.

ఇక ఆ మనిషి. బావా, నువ్వు పేరు రాయకపోయినా అతనెవరో నాకు తెలిసిపోయింది. మొదటి వలకి కేక పెట్టాలని చూసేవాళ్ళు మీ ఊళ్ళో ఎంతమంది ఉన్నారు కనక. నీకు తెలుసు, నాకు తెలుసు, పేరెందుకు. ఇంత గొడవలోనూ అతని ఊపిరి గురించి నువ్వే అడిగావు చూడు, అక్కడే నీ పెద్దమనసు తెలిసింది. నాది అంత పెద్దమనసు కాదు. నేను నీ మనిషిని.

శ్రావణిని అడిగాను. అది చాలా చెప్పింది. అందులో ఏది రాయాలో, ఏది రాయకూడదో నేను తేల్చుకున్నాను. ఆ మనిషి ఇలా చెయ్యాలి. రొమ్ము ముందుకి పొడవాలి. పొట్ట వెన్నుకి అంటుకునేలా లోపలికి బిగబట్టాలి. భుజాలు వెనక్కి, గడ్డం పైకి. కవాతులో పోలీసు నిలబడ్డట్టు ఉండాలి. కూర్చున్నా అంతే, నిలబడ్డా అంతే. ఊపిరి పీల్చాక వదలకుండా ఎంతసేపు ఆపితే అంత బలం. ఇది మానకుండా చెయ్యమను. మొదటి వల రోజుకి ఫలితం ఊరందరికీ తెలుస్తుంది.

నేనేం రాసినా నీ కేక నిలబడాలనే రాస్తున్నానని మాత్రం గుర్తుంచుకో.

చెల్లిని అడిగానని చెప్పు.

ధనరాజు.


భావనపాడు,
8-5-2025.

ఒరే ధనరాజూ,

నీకు తెలిసిపోయిందని నీ ఉత్తరం చూడగానే నాకు అర్థమైంది. కాసేపు సిగ్గనిపించింది, తరవాత పోయింది. సరే, ఇద్దరికీ తెలుసు. ఇక పేరెత్తవద్దు. ఇంత గుట్టు నిలబెట్టే మనిషివని ఇన్నాళ్ళూ తెలీదు. మీ ఇంటివాళ్ళ నోళ్ళు చూసి నిన్నూ అలాగే లెక్కవేశాను.

ఆ మనిషి నువ్వు రాసినట్టే చేస్తున్నాడు. మొదటిరోజు రొమ్ము పొడుచుకుని వీధిలోకి వస్తే అతని పెళ్ళాం, "ఏటయ్యా ఆ నిలబడ్డం, ఎవలితో దెబ్బలాటకి ఎల్తన్నావు?" అంది. అతను బదులు చెప్పలేదు. ఊపిరి ఆపి ఉన్నాడు, ఎలా చెప్తాడు.

కూర్చుంటే నడుం తనంతట అదే వంగిపోతోంది. ఇన్నేళ్ళు వల మీదికి వంగి కుట్టిన నడుం కదా, మాట వినదు. అందుకని విరిగిన తెడ్డు ఒకటి వీపుకి ఆనించి, తువ్వాలుతో రొమ్ముకి కట్టుకున్నాడు. ఆ రోజంతా నిటారుగానే ఉన్నాడు. ఒక్క చిక్కు వచ్చింది. గడ్డం పైకెత్తి ఉంటే కాలివేలి దగ్గరున్న వల కనబడదు. చేతి వాటాన కుట్టుకుంటూ పోయాడు. సాయంత్రం లేవబోతే వల కూడా లేచింది. కట్టుకున్న లుంగీ అంచు వలలో కలిపి కుట్టేశాడు. కుట్టు మాత్రం గట్టిగా ఉంది. లుంగీ కొయ్యాల్సి వచ్చింది, కుట్టు ఊడలేదు.

ఇంతకీ ఊపిరి ఇంకా రాలేదు. రొమ్ము చుట్టూ ఎవరో తాడు బిగించినట్టు ఉంటోందట. పైపైన చిన్నచిన్న ఊపిరి తీస్తున్నాడు, ఒడ్డున పడ్డ చేపలాగ. మొదట్లో ఇలాగే ఉంటుందా, ఇంకా బిగించాలా? శ్రావణిని అడిగి రాయి. అది చదువుకున్న పిల్ల, అది చెప్పినదానిలో తప్పుండదు.

లక్ష్ముడు రోజూ ఒడ్డుకొచ్చి స్పీకరులో కేక పరీక్ష చేస్తున్నాడు. వాడి గొంతే. మేకని తొక్కినట్టు ఉంది.

అసిరయ్య.


గరివిడి,
14-5-2025.

బావా,

నీ ఉత్తరం చదివి నవ్వలేక చచ్చాను. లుంగీ వలలో కుట్టుకున్నాడా. మా ఆవిడకి చదివి వినిపించాను, అది కూడా పడిపడి నవ్వింది. తెడ్డు కట్టుకోవడం నేను చెప్పలేదు, అది అతని సొంత తెలివి. ఆ తెలివి నాకు ముందే తెలుసు.

తాడు బిగించినట్టు ఉంటే వైద్యం పట్టుకుందన్నమాట. ఇంకా బిగించమను. పొట్ట ఇంకా లోపలికి, రొమ్ము ఇంకా పైకి. కేక అభ్యాసం కూడా అలా బిగబట్టే చెయ్యమను.

"నాన్నా, ఆ మనిషిని డాక్టరుకి సూపించినారా నేదా?" అని శ్రావణి రోజూ ఫోన్లో అడుగుతోంది. నేను ఊఁ అంటున్నాను. చిన్నపిల్ల, మగాళ్ళ పంతాలు దానికేం తెలుస్తాయి.

నువ్వు మాత్రం ఈ బాధలేవీ పెట్టుకోకు బావా. నువ్వు ఎప్పటిలాగే హాయిగా కూర్చుని నీ వల కుట్టుకో. నీ గొంతుకి వైద్యమెందుకు.

ధనరాజు.


భావనపాడు,
23-5-2025.

ఒరే ధనరాజూ,

నన్ను హాయిగా కూర్చోమని రాశావు. ఉత్తరం దారిలో ఎవరైనా విప్పి చదివినా గుట్టు బయటపడకుండా అలా రాశావని గ్రహించాను. తెలివైనవాడివే. మీ ఆవిడకి చదివి వినిపించడం మాత్రం బాగాలేదు.

ఇప్పుడు సంగతి వేరే అయింది. ఆ మనిషి పడిపోయాడు.

సాయంత్రం పూట, ఎవరూ లేరు గదా అని, ఒడ్డుకి వెళ్ళి కేక అభ్యాసం చేశాడు. పొట్ట బిగబట్టాడు, రొమ్ము పొడిచాడు, ఊపిరి ఆపాడు, అల వచ్చేదాకా ఆగి నోరు తెరిచాడు. కేక రాలేదు. గాలి కూడా రాలేదు. సముద్రం నల్లగా అయిపోయింది. కళ్ళు తెరిచేసరికి మొహం నిండా ఇసక.

లక్ష్ముడు తన పడవ దగ్గర మోటారు విప్పుకుంటున్నాడట. పరుగెత్తుకొచ్చి ఆ మనిషిని భుజాన వేసుకుని వీధిలోంచి ఇంటిదాకా మోసుకొచ్చాడు. బియ్యం బస్తాని మోసినట్టు, తల వెనక్కి వేలాడేసి. వీధి రెండువైపులా జనం. ఇంటిముందు దించి ఏమన్నాడో తెలుసా. "ఏటి మావా, బరువేటి నేదు, పిట్టలాగ అయిపోనావు" అన్నాడు. ఎగతాళిగా అనలేదు. జాలిగా అన్నాడు. పడ్డప్పుడు తగిలిన దెబ్బ కన్నా అది ఎక్కువ తగిలింది ఆ మనిషికి.

అతని పెళ్ళాం అన్నం ముట్టలేదు. ఆసుపత్రికి ఎల్దామని ఒకటే పోరు. ఈ సంగతి ఎవరికీ ఫోన్లో చెప్పనని దేవుడి పటం మీద ఒట్టు వేయించుకున్నాడు.

వైద్యంలో ఎక్కడో లోపముంది. మళ్ళీ అడుగు. టైము లేదు. ఈ పడ్డ సంగతి ఊరందరికీ తెలిసిపోయింది కాబట్టి మొదటి వల రోజున ఆ మనిషి నిలబడి కేక పెట్టి తీరాలి. ఈ ఏడు పెట్టకపోతే ఇంక ఎప్పటికీ అతన్ని ఎవరూ అడగరు. ఒడ్డున కూర్చుని చూసే ముసలివాళ్ళలో కలిపేస్తారు. నేను వాళ్ళని చూశాను. వాళ్ళు ఏం మాట్లాడినా ఎవరూ వినరు.

అసిరయ్య.


గరివిడి,
28-5-2025.

బావా,

నీ ఉత్తరం చదివాను. లక్ష్ముడు ఆ మనిషిని మోసుకెళ్ళాడు అన్నచోట ఆగి మళ్ళీ చదివాను. లక్ష్ముణ్ణి లక్ష్ముడు ఎలా మోస్తాడు బావా?

వెంటనే చెల్లికి ఫోను చేశాను. ఒట్టుందని చెప్పను అంది. చెప్పక్కర్లేదు, నేనడిగినదానికి ఏడవకుండా ఉండు చాలు అన్నాను. అది ఏడ్చింది. నాకు అర్థమైపోయింది.

నేను ఆ మనిషి లక్ష్ముడే అనుకున్నాను. మొదటి ఉత్తరం నుంచీ అలాగే అనుకున్నాను. కేక కోసం నీకు అడ్డొచ్చేవాడు వాడొక్కడే కదా. నువ్వు దయతలచి వాడి గురించి అడుగుతున్నావనీ, నేను వాడికి పనికిమాలిన వైద్యం పంపితే నీ కేక నీకు దక్కుతుందనీ అనుకున్నాను. శ్రావణి చెప్పిందంతా తిరగేసి రాశాను. అది పొట్ట వదలమంటే నేను బిగించమన్నాను. నా చేతులు విరగ్గొట్టుకోవాలి.

ఇప్పుడు నిజం రాస్తున్నాను. శ్రావణి ఇంటికొచ్చి పక్కన కూర్చుని చెప్తుంటే రాస్తున్నాను. రొమ్ము పైకెత్తితే ఊపిరి రాదట. ఊపిరితిత్తుల కింద గొడుగులాంటి కండ ఒకటుందట. అది కిందికి దిగితేనే గాలి లోపలికొస్తుంది. అది దిగడానికి చోటు కావాలి కాబట్టి పొట్ట వదులుగా ముందుకి రావాలి. పొట్ట బిగిస్తే దానికి తలుపు మూసినట్టే. రోజంతా వల మీదికి ముడుచుకుపోయి కూర్చున్నా అంతే, పక్కటెముకలు దాన్ని నొక్కేస్తాయి. ముడుచుకోకూడదు, బిగుసుకోనూ కూడదు. కాస్త ఎత్తుపీట మీద కూర్చుని వలని నీ దగ్గరికి పైకి తెచ్చుకో, నువ్వు దాని దగ్గరికి దిగకు. భుజాలు వదిలెయ్. ఆయాసం వచ్చినప్పుడు ముందుకి వంగి, మోచేతులు తొడల మీదో దేనిమీదో ఆనించి, వేడి గంజి ఊదినట్టు పెదాలు చిన్నవి చేసి మెల్లగా గాలి వదులు.

ఇది ఊపిరికి సాయమే గాని మందు కాదట. ఎందుకు అందడం లేదో గుండే ఊపిరితిత్తులూ చూసి డాక్టరు చెప్పాలి. ఈ మాట అది మొదటిరోజే చెప్పింది. నేనే రాయలేదు.

వెంటనే విజయనగరం రా బావా. నీ కాళ్ళు పట్టుకుంటాను.

ధనరాజు.


భావనపాడు,
4-6-2025.

ధనరాజుకి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. చదివినప్పుడల్లా కోపం కొత్తగా వచ్చింది.

లక్ష్ముడనుకుని అలా రాశావా. వాడు పడిపోయి లేవకపోతే ఏం చేసేవాడివి? వాడికి ఇద్దరు ఆడపిల్లలు. నేను వాడి స్పీకరు మూయిద్దామనుకున్నాను, ఊపిరి కాదు. గేటు దగ్గర కూర్చుని కూర్చుని నీ బుర్ర కూడా గేటంత అయింది.

ఇప్పుడు రాసినది నిజమని ఎలా నమ్మాలి? మొన్న నిటారుగా నిలబడమన్నావు, ఇవాళ వంగమంటున్నావు. మొన్న పొట్ట బిగించమన్నావు, ఇవాళ వదలమంటున్నావు. మధ్యలో ఏం జరిగింది? లక్ష్ముడు నీకు ఫోను చేశాడు. కాదనకు, వాడే మీ చెల్లితో చెప్పాడు. "ధనరాజు మావకి సెప్పినాను అత్తా, మావని కేక ఎట్టనియ్యొద్దని" అన్నాడు. ఇద్దరూ కలిసి నన్ను కూర్చోబెట్టాలని చూస్తున్నారు.

మా ఊళ్ళో ముందుకి వంగి మోచేతులు తొడల మీద ఆనించి కూర్చునేది ఎవరు? రాత్రి తాగినది ఇంకా దిగనివాడు. నన్నలా కూర్చోమంటావు, ఒడ్డు మీద, అందరూ చూస్తుండగా. మా నాన్న కేక పెడితే తాటిచెట్టులా నిలబడి పెట్టాడు. చివరి రోజు దాకా ఆయన నడుం వంగలేదు.

పెద్దల దగ్గర మాట అయిపోయింది. మొదటి వలకి కేక ముందు నేను పెడతాను. నా కేక ఆగితే అప్పుడు లక్ష్ముడు స్పీకరు వేస్తాడు. ఆగదు.

తెడ్డు విప్పేశాను. అది నీ మాట విని కాదు, వీపు మీద పుండు పడింది.

అసిరయ్య.


గరివిడి,
9-6-2025.

బావా,

లక్ష్ముడు ఫోను చేసిన మాట నిజమే. నువ్వు పడ్డావని చెప్పడానికి చేశాడు, నేను అప్పటికే చెల్లితో మాట్లాడాను. వాడు స్పీకరు మాటే ఎత్తలేదు. నువ్వు సరిగ్గా తినడం లేదనీ, ఈ ఏడు నిన్ను కేక పెట్టనియ్యొద్దనీ మాత్రం చెప్పాడు.

నన్ను నమ్మొద్దు. నీ చెయ్యి నువ్వు నమ్ముతావు కదా. పడుకుని ఆ చెయ్యి పొట్ట మీద పెట్టుకో. ఊపిరి తీసినప్పుడు చెయ్యి పైకి లేస్తోందో లేదో చూడు. అంతే.

కింది ముక్క శ్రావణి రాస్తోంది.

మావయ్యా, నాన్న చేసిన పనికి నేను ఇంట్లో మాట్లాడడం మానేశాను. మీరు నా మాట ఒక్కటి వినండి. ఈ ఏడు కేక స్పీకరు పెట్టినా ఏం పోదు. మీ ఊపిరి సంగతి ముందు చూద్దాం. శ్రావణి.

ధనరాజు.


భావనపాడు,
19-6-2025.

ఒరే ధనరాజూ,

శ్రావణి రాసినది చదివాను. స్పీకరు పెట్టినా ఏం పోదు అంది. చిన్నపిల్ల, దాన్నేమీ అనను. ఏం పోతుందో దానికి చెప్పినా తెలియదు.

మొదటి వల వేశాం. గంగమ్మకి కొబ్బరికాయ కొట్టి పడవ వెళ్ళింది. వల వదిలి తిరిగి వచ్చింది. రెండు వరసలూ తాళ్ళు నడుముకి ఆనించుకుని నిలబడ్డాయి. "కేక ఎవలిది?" అని అడిగారు. నాది అన్నాను. లక్ష్ముడు స్పీకరు ఇసకలో పెట్టుకుని నా పక్కన నిలబడ్డాడు.

నిటారుగానే నిలబడ్డాను. మొదటి కేక బాగానే వెళ్ళింది. రెండోది సగం వరసకి వెళ్ళింది. మూడోదానికి నా పెదాలు కదిలాయి, అంతే. అందరూ తాళ్ళు పట్టుకుని నా మొహమే చూస్తున్నారు. సముద్రం కూడా ఆగినట్టు అనిపించింది. ఆగలేదు, నా చెవులు మూసుకుపోయాయి.

లక్ష్ముడు స్పీకరు నొక్కాడు. గట్టిగానే అరిచింది. కాని ఆ డబ్బాకి అల తెలీదురా. అల వెనక్కి పోయేటప్పుడు తాడు పట్టుకుని ఆగాలి, ముందుకొచ్చేటప్పుడు లాగాలి. డబ్బా ఒకే కొలతలో అరుచుకుంటూ పోయింది. ఎడమ వరసలో కుర్రాళ్ళు డబ్బా మాట విన్నారు. కుడి వరసలో పాతవాళ్ళు అల మాట విన్నారు. వల ఓరగా తిరిగింది. "ఆపండర్రా, ఆపండి, వల పోతాది" అని ఎవరో అరిచారు. లక్ష్ముడు ఆపాడు.

అప్పటికి నేను వంగిపోయి ఉన్నాను. రెండు చేతులూ తొడల మీద ఆనించుకుని. నువ్వు రాశావని కాదు. వంగకపోతే పడిపోతాను. పొట్ట వదిలేశాను, పట్టుకునే ఓపిక లేదు. గాలి వదిలాను. తరవాత అది తనంతట అదే వచ్చింది, కిందనుంచి, ఇసకలో గుంట తవ్వితే నీరు ఊరినట్టు మెల్లగా. పొట్ట లేచింది, దిగింది. మళ్ళీ లేచింది. చూస్తూ ఉండిపోయాను.

కాని వంగి ఉంటే కేక ఇసకలోకి పోతుంది. తల పైకెత్తి సముద్రాన్ని చూస్తూ, మోచేతులు దేనిమీదైనా ఆనించాలి. పడవ దూరంగా ఉంది. దగ్గరున్నది లక్ష్ముడు.

"ఊపిరి అందట్నేదురా. ఇటొచ్చి వొంగు" అన్నాను.

ఆ మాట మీ చెల్లితో కూడా ఎప్పుడూ అనలేదు. దగ్గరున్నవాళ్ళందరూ విన్నారు.

"ఏటి మావా?" అన్నాడు.

"వొంగమన్నాను."

వాడు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగాడు. వాడి వీపు మీద నా మోచేతులు రెండూ పెట్టాను. అల వచ్చేదాకా ఆగాను. కేక పెట్టాను.

పాత కేక కాదు. చిన్నది. కుడి వరసలో ముందున్నవాడికి వినబడింది. వాడు దాన్ని అందుకుని వెనకవాడికి వేశాడు, వాడు ఆ వెనకవాడికి. ఎడమ వరస కూడా అందుకుంది. చివరివాడికి చేరింది నా గొంతు కాదు, పక్కవాడి గొంతు. కాని ఎప్పుడు లాగాలో చెప్పింది నేనే. వల నెమ్మదిగా సర్దుకుంది.

నాలుగు కేకలకి ఒకసారి ఆగాను. ఆగినప్పుడల్లా వరసలు కూడా ఆగాయి. ఎవరూ తొందరపెట్టలేదు. మధ్యలో నా కిందనుంచి లక్ష్ముడు, "మావా, ఇంకా ఎంతసేపు?" అన్నాడు.

"వల వచ్చీదాక."

"నా స్పీకరు ఎండలో ఉన్నాది."

"ఉండనీ."

"నువ్వు పిట్టవి కాదు మావా. నానే తప్పు సెప్పినాను. బరువున్నావు."

వల వచ్చింది. పెద్దగా పడలేదు. కవళ్ళు, కొంచెం నెత్తళ్ళు, అన్నీ చిన్న చేపలే. నిషేధం తరవాత మొదటి వల కదా, ఇంకా పడుతుందనుకున్నాం. ఓరగా తిరిగినప్పుడు కొంత పోయి ఉంటుంది. లక్ష్ముడు నడుం పట్టుకుని లేచి, కేకలో సగం తనదే అని అందరితో చెప్పుకుంటున్నాడు. నేను కాదనలేదు. వాడలా వంగి ఉండగా డబ్బా నొక్కలేడని మాత్రం వాడికి ఇంకా తట్టలేదు.

వచ్చే ఏటికి కేక ఎవరిదని పెద్దల్ని అడిగాను. "నువ్వుండు, సూద్దాం" అన్నారు. నవ్వలేదు. నవ్వకుండా అన్నారు కాబట్టి, ముందు నేను బతికుండాలి.

సోమవారం విజయనగరం వస్తున్నాం. నేనూ మీ చెల్లీ. లక్ష్ముడు కూడా వస్తాడట. నువ్వెందుకురా అంటే, "బస్టాండులో ఆయాసమొస్తే ఎవలు మోస్తారు" అన్నాడు. ఆ మాటకి నాకు కోపం రాలేదు. రాలేదేమిటా అని భయమేసింది. వాడికి నువ్వు రాసిన వైద్యం గురించి నేనేమీ చెప్పలేదు. నువ్వే చెప్పుకో, మొహం చూసి చెప్పు.

శ్రావణిని ఇంట్లో మాట్లాడమను. డాక్టరు దగ్గరకి నువ్వు కూడా రా. నా ఊపిరి సంగతి నేనే చెప్పుకుంటాను. నువ్వు పక్కన కూర్చో, చాలు.

అసిరయ్య.